మామ రాకెట్, అత్తమ్మ వడియాలు

వనపర్తిలో మా అత్తగారి వీధికి వెళ్లి ఎవరినైనా ఆపి "వడియాల అల్లుడు ఏ ఇంటివాడు?" అని అడగండి. దారి చూపించడమే కాదు, నవ్వుకుంటూ గుమ్మం దాకా మీ వెంట వస్తారు. గద్వాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకుని, నలుగురిలో మర్యాదగా బతుకుతున్న నాకు ఈ గతి పట్టించిందెవరు? నేను కాదు. ముందే చెబుతున్నాను, నేను కాదు. ఎండ, గాలి, ముక్కూమొహం తెలియని ఒక వీడియో పెద్దమనిషి, మూడు ఊళ్లలో ఉన్న ముగ్గురు అక్కచెల్లెళ్లు కలిసి ఒక కొత్త అల్లుణ్ణి ఎలా ముంచారో చెబుతాను. అంతా విన్నాక కూడా తప్పు నాదే అనిపిస్తే మీ ఇష్టం. మా ఆవిడ కూడా అదే అంటుంది.

మా మామ చాలా ఏళ్లు బొంబాయిలో సెంట్రింగు మేస్త్రీగా పనిచేశాడు. ఆయనతో పోయినవాళ్లు అక్కణ్ణుంచి రేడియోలు, చీరలు, ట్రంకుపెట్టెలు తెచ్చుకుంటే మామ మాత్రం పాత సామాన్ల బజారులో ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. పెట్టె మీద బొమ్మలో ఉంగరం తొడిగినట్టున్న గ్రహం పక్కనుంచి ఒక అంతరిక్ష నౌక దూసుకుపోతూ ఉంటుంది. లోపల ఆ నౌక ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మనుషులు రేపో మాపో చంద్రుడి మీద కాపురాలు పెట్టేస్తారని అందరూ నమ్మిన రోజుల్లో, ఏదో విదేశంలో పిల్లలు అతికించుకుని ఆడుకోవడానికి తయారైన సరుకు అది. మామ సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా, అప్పటికి చిన్నపిల్ల అయిన మా ఆవిడ స్వరూపను పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని ముక్కలు అతికించేవాడు. దేంతో అతికించేవాడంటారా? సైకిల్ ట్యూబు పంక్చర్లకు రాసే సొల్యూషన్‌తో. సెలవు అయిపోయేది, పెట్టె మళ్లీ అటక ఎక్కేది. పిల్ల పెద్దదైంది, పెళ్లయింది, నేను అల్లుణ్ణయ్యాను. నౌక మాత్రం సగంలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మామ వనపర్తిలోనే కొత్త ఇల్లు కట్టాడు. హాలు గోడలో పెద్ద అద్దాల షోకేసు పెట్టించాడు. పై అరలో గాజు సామాను, కింది అరలో బొమ్మలు సర్దేశాడు కానీ మధ్య అర ఖాళీగా వదిలేశాడు. నన్ను దాని ముందు నిలబెట్టి అడిగాడు.

"అల్లుడా, సెల్‌ఫోన్ల లోపట గింతగింత ముక్కలు అతికిస్తవు గద. మన రాకెట్‌ను నిలబెట్టలేవా?"

"అదెంత పని మామా!"

"గృహప్రవేశం నాటికి గీ అరల ఉండాలె. వచ్చినోళ్లంత చూడాలె. ఒక్క ముక్క పోవద్దు మల్ల. గసొంటిది ఇగ దొరకదు."

"ఒక్క ముక్క పోయినా నా పేరు మార్చుకుంట!"

పేరు మారింది. నేను మార్చుకోలేదు, వాళ్లే మార్చారు.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆవిడకు నగల మీద ఆశ లేదు, చీరల మీద మోజు లేదు. ఉన్న గర్వమంతా ఒక్కటే, తన వడియాలు. ప్రతి ఎండాకాలం సగ్గుబియ్యం మెత్తగా ఉడికించి, జీలకర్ర నూరి కలిపి వడియాలు పెడుతుంది. అవి నూనెలో పడగానే అరచేయంత పొంగుతాయి. గద్వాలలో ఉన్న అక్కకు ఒక డబ్బా, నాగర్‌కర్నూల్‌లో ఉన్న చెల్లెలికి ఒక డబ్బా బస్సులో పంపిస్తుంది. వాళ్ల ఇళ్లలో ఎవరికి పప్పన్నం పెట్టినా పక్కన మా అత్తమ్మ వడియం ఉండాల్సిందే. "ఎవరు పెట్టింది?" అని చుట్టాలు అడగాలి, వీళ్లు మా అత్తమ్మ పేరు చెప్పాలి. ఆ మాట ఫోనులో ఆవిడకు అందాలి. ఏడాది పొడుగునా ఆవిడ ఆ మాట మీదే బతుకుతుంది. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

దుకాణానికి సెలవు పెట్టి, మామ పాత ఇంట్లోనే పెట్టె విప్పాను. ప్లాస్టిక్ అంతా పాత పంటిలా పచ్చబడిపోయింది. తండ్రీకూతుళ్లు కలిసి నౌక ముక్కును వెనక, మంట వచ్చే గొట్టాలను ముందు అతికించారు. ఆ లెక్కన అది బయలుదేరితే చంద్రుడి మీదికి కాదు, నేరుగా భూమిలోకి పోతుంది. గోటితో ఆ సొల్యూషన్ గీకుతుంటే స్వరూప వచ్చి నా నెత్తి మీద నిలబడింది.

"ముక్కు ఎందుకు పీకుతున్నవ్? అది గట్లనే ఉంటది."

"తిరగేసి పెట్టిండ్రు. ఇగో, అట్ట మీద బొమ్మ చూడు."

"బొమ్మ గీసినోడే తప్పు గీసిండేమో. మా నాయిన ఇండ్లకు ఇండ్లు కట్టిండు, గింత రాకెట్ కట్టరాదా?"

ముక్కలన్నీ విడదీసి, సబ్బునీళ్లలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమాను. తరువాత ఏం చేయాలో ఒక వీడియోలో చూశాను. అందులో పెద్దమనిషి ఎర్రటి బుగ్గలవాడు, స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. ముక్కలకు మొదట తెల్లరంగు ఒక పూత కొట్టాలట, మంచి ఎండలో ఆరబెట్టాలట. ఆ స్వెట్టరు చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. వాళ్ల దేశంలో ఎండ అంటే మన ఫ్రిజ్ తలుపు తెరిస్తే వెలిగే బల్బు. మే నెలలో వనపర్తి ఎండ ఎలా ఉంటుందో వాడికేం తెలుసు? తెలియనప్పుడు ఎందుకు చెప్పాలి? అలాంటివాళ్లను అడిగే నాథుడే లేడా?

పెద్ద ముక్కలు వరండాలో ఆరేశాను. నౌక పొట్ట చుట్టూ వరుసగా అతికించే గుండ్రటి బిళ్ళలున్నాయి, కిటికీ మూతలన్నమాట. అవి పలచనివి, త్వరగా ఆరిపోతాయని మిద్దె మీదికి తీసుకుపోయాను. అప్పటికే అక్కడ అత్తమ్మ ముందురోజు పెట్టి ఒలిచిన వడియాలను పాత చీర మీద రెండో ఎండకు ఆరబోసుకుని కూర్చుంది. ఆ రోజుల్లో ఆవిడ నాతో నేరుగా మాట్లాడేది కాదు. కొత్త అల్లుడితో అలా మాట్లాడకూడదట. నేను అడుగు దూరంలో నిలబడి ఉన్నా కూతురికే చెప్పేది.

"స్వరూపా, అల్లుని సామాను నా ఒడియాల దిక్కు పెట్టొద్దని చెప్పు బిడ్డా."

స్వరూప నా వైపు తిరిగింది. "ఇన్నవు గద."

"విన్న. ఎండ ఇక్కడనే బాగుంది, జర దూరం జరుపుత అని మీ అమ్మకు చెప్పు."

"అమ్మా, జర దూరం జరుపుతడంట."

జరిపాను. మూరెడు దూరం జరిపి నా పాత పంచె పరిచి బిళ్ళలు ఆరబోశాను. కాసేపటికి మామ, అత్తమ్మ, స్వరూప ముగ్గురూ శ్రీరంగాపూర్ గుడికి బయలుదేరారు. నౌక పని ఉందని నేను ఇంట్లోనే ఉండిపోయాను. మధ్యాహ్నం పైకి వెళ్లి చూశాను. ఎండకు బిళ్ళల అంచులు లేచి, నడుములు ఉబ్బి, ఒక్కొక్కటి ఒక్కో వంకర తిరిగింది. తెల్లగా, గుండ్రంగా, అంచులు ముడుచుకుని... ఏమిటో ఎక్కడో చూసినట్టుంది అనుకున్నాను. మూరెడు దూరంలోనే ఉన్నాయి చూసినవి! అయినా నా బుర్రకు తట్టలేదు. వేడినీళ్లలో వేస్తే సాపు అవుతాయని ఆ స్వెట్టరువాడే చెప్పాడు కదా, సాయంత్రం చూద్దాంలే అని కిందికి దిగి పడుకున్నాను.

పక్కింటి మిద్దె మీదినుంచి ఒకావిడ కేకకు మెలకువ వచ్చింది.

"ఓ అల్లుడా! గాలిదుమారం వస్తుంది! మీ అత్త ఒడియాలు ఎగురుతున్నయి, ఉరుకు, ఉరుకు!"

ఉరికాను. ఆకాశం నల్లబడింది. మట్టి కళ్లలో కొడుతోంది. ఒక పక్క చీర లేస్తోంది, ఇంకో పక్క పంచె లేస్తోంది. మీరే చెప్పండి, ఆ సమయంలో మంచి అల్లుడన్నవాడు ఏం చేయాలి? నా బిళ్ళలు మాత్రం పట్టుకుని అత్తగారి వడియాలు గాలికి వదిలేయాలా? వదిలేసి ఉంటే ఈపాటికి హాయిగా ఉండేవాణ్ణి. నా మంచితనమే నా కొంప ముంచింది. చీర మీద పంచె వేసి, రెండూ కలిపి ఒకటే మూట కట్టి, మొదటి చినుకులు పడుతుండగా మెట్లు దిగాను.

మూట విప్పి చూశాక అర్థమైంది నేనేం చేశానో. తెల్లటివి, గుండ్రటివి, ముడుచుకున్నవి ఒక కుప్ప. అందులో ఏవి తినేవి, ఏవి ఎగిరేవి?

చాటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టాను. బరువు చూస్తే తేడా తెలియడంలేదు. గోటితో కొడితే బాగా ఎండిన వడియం కూడా టక్కుమంటోంది. చివరికి ఒక ఉపాయం తోచింది, నాలుకకు ఉప్పగా తగిలితే వడియం, చప్పగా ఉంటే కిటికీ మూత. సెల్‌ఫోనులో ఆవగింజంత స్క్రూ పోతే భూతద్దం పెట్టి పట్టుకునే మనిషిని, చాట ముందు కూర్చుని ఒక్కొక్కటీ నాకుతున్నాను. కొంతసేపటికి నాలుకకు ఉప్పూ తెలియలేదు, రంగూ తెలియలేదు. సగం చాట మిగిలి ఉండగానే గుడికి పోయినవాళ్లు తడిసి ముద్దై వచ్చారు.

అత్తమ్మ నేరుగా మిద్దె మీదికి పరుగెత్తింది. దిగి వచ్చి నా ముందున్న చాట చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన నాటినుంచి మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది.

"నా ఒడియాలు కాపాడినవా బిడ్డా? మా అక్క అల్లుండ్లు, చెల్లె అల్లుండ్లు కూసున్న తాననుంచి లేవరు. నువ్వు వానల ఉరికి నా ఒడియాలు తెస్తివి!"

"అంటే... అత్తమ్మా, అందులో..."

"ఏం మాట్లాడకు. ఇగ నేను చూసుకుంట, నువ్వు లే."

చాట నా చేతిలోంచి లాక్కుపోయింది. పోతూ పోతూ పక్కింటావిడకు గోడ మీదుగా నా గొప్ప చెప్పింది. ఆవిడ ఇంకో ఇంటికి చెప్పింది. వీధి వీధంతా పొగుడుతుంటే, ఆ చాటలో నా ప్లాస్టిక్ ఉందని ఏ నోటితో చెప్పను? చాలావరకు ఏరేశాను కదా, ఒకటీ అరా మిగిలినా ఆవిడే చూసి పారేస్తుందిలే అనుకుని నీళ్లు నమిలి ఊరుకున్నాను. ఆవిడకు చత్వారం ఉందని నాకెవరూ చెప్పలేదు. అల్లుడికి చెప్పాల్సిన సంగతులు ఇలాగే దాచిపెడతారు.

అత్తమ్మ వాటిని మళ్లీ ఎండబెట్టింది, డబ్బాలకు ఎత్తింది. ఒకటి గద్వాల బస్సెక్కింది, ఒకటి నాగర్‌కర్నూల్ బస్సెక్కింది, ఒకటి ఇంట్లో ఉండిపోయింది. నేను నౌక అతికించడానికి కూర్చున్నాను. ముక్కు ముందుకొచ్చింది, గొట్టాలు వెనక్కి పోయాయి, రెక్కలు నిలబడ్డాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి వరుసలో సగం కిటికీలకు మూతలు లేవు. ఇంట్లో ఉన్న డబ్బా దొంగతనంగా వెతికితే కొన్ని దొరికాయి. మిగతావి? షోకేసు ఎక్కకుండానే నా నౌక రెండు ఊళ్లకు ప్రయాణం కట్టేసింది.

ఆ వారంలోనే గద్వాల పెద్దత్త దగ్గరనుంచి ఫోను వచ్చింది. అత్తమ్మ రోలు కడుగుతూ స్పీకరు పెట్టింది.

"ఏమే చెల్లె, గీసారి ఒడియాలు గిట్ల పంపినవేంది?"

"ఎట్లున్నయక్కా?"

"ఎట్లున్నయంటే ఏం చెప్పాలె? మా బిడ్డ అత్తగారోళ్లు తిననీకి వచ్చిండ్రు. నూనెల ఏస్తే పొంగుడు పక్కకు పెట్టు, ముడుచుకపోయి గోలికాయ అయింది. ఇల్లంత టైరు కాలిన వాసన. నా పరువు పోయింది!"

ఫోను పెట్టకముందే నాగర్‌కర్నూల్ చిన్నత్త దగ్గరనుంచి ఇంకోటి. "అక్కా, నీకు చెయ్యి తిరగక గిట్లయినయా? పెద్దదానివైతున్నవు, ఇగ పెట్టుడు బంద్ చెయ్యి. కొనుక్కుంటం తియ్యి." పెట్టిన చేతి మీద ఇంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందా? అత్తమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. అంతలో ఆవిడ కొంగు దోపుకుని లేచింది.

"సగ్గుబియ్యం కల్తీది! అల్లుడా, సంచి పట్టు!"

కిరాణా సేటు దుకాణంలో జరిగినదానికి సాక్షిని నేను. సంచి పట్టుకుని నిలబడిన సాక్షిని.

"సేటూ, ప్లాస్టిక్ సగ్గుబియ్యం అమ్ముతున్నవా? నూనెల ఏస్తే టైరు వాసన కొట్టిందంట!"

"అమ్మా, మా తాత కాడినుంచి మీ ఇంటికి సామాను ఇస్తున్నం. ఎన్నడన్న గిట్ల జేసినమా?"

"ఫోన్ల రోజు చూపిస్తుండ్రు, బియ్యంల ప్లాస్టిక్, గుడ్లల్ల ప్లాస్టిక్. నీ సగ్గుబియ్యంల లేదని ఎట్ల చెప్తవు?"

పాపం సేటు నా వైపు తిరిగాడు. "సారూ, చదువుకున్నోళ్లు, మీరన్న చెప్పుండ్రి. సగ్గుబియ్యంల ప్లాస్టిక్ ఉంటదా?"

నా జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. "ఇప్పుడు ప్లాస్టిక్ లేనిది ఎక్కడుంది సేటూ, ఎక్కడ పడితే అక్కడ వస్తుంది" అన్నాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా అత్తమ్మ విజయం సాధించినట్టు తలెగరేసింది. సేటు నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ ఆ వీధిలోనుంచి పోవాలంటే మొహం చెల్లదు.

మర్నాడే బండి వేసుకుని గద్వాల పోయాను. పెద్దత్తతో "అత్తమ్మ ఒడియాలు పరీక్ష చేసి రమ్మంది" అని డబ్బా తిరగబోసి కొన్ని బిళ్ళలు పట్టుకున్నాను. నా పనితనానికి నేనే మురిసిపోతూ అక్కణ్ణుంచి నాగర్‌కర్నూల్‌కు పోయాను. ఇక్కడ ఆ పప్పులు ఉడకలేదు. వడియాలు అనే మాట నా నోట రాగానే చిన్నత్త పొయ్యి వెలిగించింది.

"వేయించకండి చిన్నత్తా! పచ్చివే కావాలి."

"పచ్చి ఒడియాలేంది అల్లుడా, పచ్చియే తింటవా?"

"తింటాను. అంటే... నమలాలని ఉంది."

చిన్నత్త నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓ తల్లీ! నీళ్లు పోసుకున్నది స్వరూప, కోరికలు నీకు వస్తున్నయా?"

కాదు మొర్రో అంటే వింటేనా? డబ్బా నా ఒళ్లో పెట్టి, సంతోషం పట్టలేక ఫోను పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నేను గబగబా రెండు బిళ్ళలు జేబులో వేసుకుని బయటపడ్డాను. వనపర్తి చేరేసరికి వీధిలో ముగ్గురు ఆడవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. గుమ్మంలో స్వరూప నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నాకే తెల్వని సంగతి నాగర్‌కర్నూల్ దాక ఎట్ల పోయింది?"

గదిలోకి లాక్కుపోయి మొత్తం చెప్పాను. మూట, చాట, నాలుక, సేటు, అన్నీ. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అమ్మ అన్నం సరిగ తింటలేదు, తెలుసా? ఇగ ఒడియాలే పెట్టనంటుంది. పోయి నిజం చెప్పు."

"గృహప్రవేశం కానీ. మామ షోకేసు ఖాళీగా ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"నీ మొహం గురించే పరేషాన్‌ల ఉన్నవు. మా అమ్మ మొహం చూసినవా?"

చూశాను. నిజంగానే చూశాను, బాధ కూడా కలిగింది. కానీ బాధ కలిగినంత మాత్రాన ధైర్యం వస్తుందా? రాదు. అది ఎవరి తప్పు?

గృహప్రవేశం దగ్గరపడింది. దొరికిన బిళ్ళలన్నీ అతికించినా పొట్ట మీద ఇంకా మూడు బొక్కలు మిగిలాయి. ఆ మూడు మూతలూ నూనెలో కాలి చనిపోయాయన్నమాట. వంకర తిరిగిన బిళ్ళలను సాపు చేయాలనే ఆలోచన ఎప్పుడో మానుకున్నాను. అన్నీ ఒకే వంకరలో ఉంటే అదే కొత్త మోస్తరు అనుకుంటారు. ఆ వంకరలకు సరిపోయేవి ఇంకో మూడు ఎక్కడ దొరుకుతాయి? వంటింట్లో దొరుకుతాయి. అత్తమ్మ డబ్బాలోంచి మూడు మంచి వడియాలు ఏరి, బొక్కల్లో అతికించి, మొత్తం నౌకకు వెండిరంగు కొట్టేశాను. ఏది ప్లాస్టిక్కో ఏది సగ్గుబియ్యమో కన్న తండ్రి నేనే గుర్తుపట్టలేకపోయాను. షోకేసు మధ్య అరలో పెట్టి దీపం వేస్తే ఎంత బాగుందో! మామ అద్దానికి ముక్కు ఆనించి ఒక్కో కిటికీనీ వేలితో లెక్కపెట్టాడు.

"బొంబాయిల కొన్ననాడు గిట్లనే అనుకున్న అల్లుడా" అన్నాడు చివరికి. నా భుజం మీద చెయ్యి వేసి వదల్లేదు. ఆయన అంత సంతోషపడటం నేను ఎన్నడూ చూడలేదు.

గృహప్రవేశానికి మూడు ఊళ్ల చుట్టాలూ దిగారు. పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలకు కూర్చున్నారు. అందరికీ పక్కన దుకాణం అప్పడం పడింది. నెమ్మదిగా గుసగుసలు మొదలయ్యాయి. పెద్దత్త అప్పడం ఎత్తి చూపించి గట్టిగానే అడిగింది.

"ఏందే, నీ ఇంటి పండుగల కొన్న అప్పడమా?"

"ఈసారి గంతే అక్కా" అంది అత్తమ్మ తల వంచుకుని. సొంత ఇంట్లో, పట్టుచీర కట్టుకుని, దొంగతనం చేసినదానిలా విస్తర్ల మధ్య తిరుగుతోంది. లేచి చెప్పేద్దామని నిజంగానే సగం లేచాను.

అప్పుడే హాల్లోంచి చిన్నత్త అరిచింది.

"అక్కా! మీ రాకెట్‌కు చీమలు పట్టినయే!"

అందరూ పోగయ్యారు. గోడ మీదినుంచి ఒక బారు, షోకేసు సందులోంచి లోపలికి, నౌక రెక్క మీదుగా పొట్ట దాకా. చీమలు ఒక కిటికీలోంచి లోపలికి పోతున్నాయి, ఇంకో కిటికీలోంచి తునకలు మోసుకుని బయటికి వస్తున్నాయి. అట్టపెట్టె మీద బొమ్మ గీసినవాడు కూడా అంతమంది ప్రయాణికులను ఊహించి ఉండడు.

"ప్లాస్టిక్‌కు చీమలేంది అల్లుడా?" అన్నాడు మామ అయోమయంగా.

అత్తమ్మ అద్దం జరిపి నౌకను బయటికి తీసింది. కొంగుతో చీమలు దులిపింది. ఒక కిటికీ మూతను గోటితో గీరింది, వాసన చూసింది, నాలుక కొసకు తగిలించుకుంది.

"జీలకర్ర" అంది.

తరువాత నా వైపు తిరిగింది. "ఇది నా ఒడియం."

ఇక దాచడానికి ఏముంది? స్వరూప వెనకనుంచి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. గాలిదుమారం నుంచి వెండిరంగు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. పెద్దత్త ఇంట్లో కాలింది కిటికీ మూత అని, చిన్నత్త ఇంట్లో నేను వెతికింది కూడా అదేనని, సేటు అమ్మిన సగ్గుబియ్యం బంగారమని చెప్పాను. చెప్పి, తిట్లకు తల వంచి నిలబడ్డాను. నలుగురిలో తిట్టించుకున్నా సరే, ఆవిడ మొహంలో కళ వస్తే చాలనుకున్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. అసలు నా వైపు చూడనే లేదు. నౌకను చంకలో పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. వెనక అక్క, చెల్లి, మొత్తం చుట్టపక్కాలు. వడియాలు మూడూ పెకలించింది. చాకుతో వెండిరంగు గీకింది. కాగుతున్న నూనెలో ఒకటి వేసింది.

ఒక్క క్షణం అడుగున పడి ఉంది. తరువాత ఒళ్లు విరుచుకుని, చుట్టూ నురగలు కక్కుతూ, అరచేయంత పొంగింది! ఒక అంచున ఇంకా కాస్త వెండి మెరుస్తూనే ఉంది. అత్తమ్మ దాన్ని జల్లిగరిటెతో అందరి ముఖాల ముందుకూ ఎత్తిపట్టింది.

"చూసిండ్రా? అంతరిక్షం పోయి వచ్చినంక గూడ పొంగింది! అక్కా, ఇప్పుడు చెప్పు. నా ఒడియం పొంగిందా, లేదా?"

"పొంగింది చెల్లె" అంది పెద్దత్త.

"నా చెయ్యి తిరుగుతుందా, లేదా?"

"తిరుగుతుంది అక్కా" అంది చిన్నత్త.

చప్పట్లు కూడా కొట్టారు. నా కోసం కాదు. మామ ఒక్కడే, పొట్టలో మూడు బొక్కలు పడిన నౌకను రెండు చేతులా ఎత్తుకుని, బిక్కమొహంతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మరి నా రాకెట్?"

అత్తమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "నీ రాకెట్ పొంగదు, పో!"

ఇంత జరిగాక శిక్ష ఎవరికి పడింది? ఎండకు పడిందా? గాలికి పడిందా? స్వెట్టరువాడికి పడిందా? నాకే పడింది! సేటు దుకాణం ముందు నిలబడి నలుగురూ వినేలా క్షమాపణ చెప్పింది నేను. ఆ ఏడాది సగ్గుబియ్యం మళ్లీ నానబోస్తే మిద్దె మీద గొడుగు పట్టుకుని కాకులు తోలింది నేను. మామ మాత్రం, నౌకకు ఆ మూడు బొక్కలు ఎందుకని ఎవరైనా అడిగితే, లోపలివాళ్లకు గాలి ఆడాలని అల్లుడే వదిలాడని చెబుతున్నాడు.

అందుచేత ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, అత్తమ్మ జల్లిగరిటె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్లో, ఏ మిద్దె మీద, తెల్లగా గుండ్రంగా ఏది ఆరుతున్నా సరే, గాలి రానీ, వాన రానీ, పిడుగే పడనీ, నేను ముసుగు తన్ని పడుకుంటాను. పైకి లేచేవాటిని లేవనిస్తాను. ఆ నౌక జన్మకల్లా నిజంగా ఎగిరే అవకాశం వచ్చింది ఆ ఒక్కనాడే. మూట కట్టి ఆపిన పాపం నాది.